ఫైర్ కంపెనీలో చేరాను, పాత రేడియో కొనుక్కోమంటున్నారు. ఏది తీసుకోను?

ప్రశ్న: మాది తెనాలి. పెన్సిల్వేనియాలో ఒక చిన్న ఊళ్ళో ఆరేళ్ళుగా ఉంటున్నాం. నాది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఐదు నెలల క్రితం మా ఊరి వాలంటీర్ ఫైర్ కంపెనీలో, అంటే జీతం లేని అగ్నిమాపక దళంలో చేరాను, ట్రైనింగ్ నడుస్తోంది. ఇంజన్‌లో సీటుకొకటి చొప్పున రేడియోలున్నాయి గానీ, వెనకాల సొంత కార్లలో వచ్చేవాళ్ళకి మిగలవు. "పాతది ఒకటి కొనేసుకో, మేమందరం అలాగే చేశాం" అంటున్నారు సీనియర్లు. ఆన్‌లైన్‌లో మోటరోలా హెచ్‌టీ 1250, ఎక్స్‌టీఎస్ 2500, కెన్‌వుడ్ టీకే 290 కనిపించాయి. అంతకన్నా బాగా చవగ్గా చైనా రేడియోలు కొత్తవే దొరుకుతున్నాయి. ఏది కొనమంటారు? మా ఆవిడైతే "ఊరికే చేసే పనికి ఎదురు డబ్బులు కూడానా" అంటోంది.

జవాబు: మీ ఆవిడ మాటతోనే మొదలుపెడతాను, ఎందుకంటే ఆవిడ అడిగింది సబబే. మనిషిని మంటల్లోకి పంపేవాళ్ళు చేతికి రేడియో ఇచ్చే పంపాలి. కోటు, హెల్మెట్, ఎయిర్ ప్యాక్ మిమ్మల్ని కొనుక్కోమనలేదు కదా, రేడియో ఒక్కటీ ఎందుకు? కాకపోతే మీరున్న రాష్ట్రంలో ఈ అలవాటు ఇవాళ్టిది కాదు. 1736లో బెంజమిన్ ఫ్రాంక్లిన్ ఫిలడెల్ఫియాలో యూనియన్ ఫైర్ కంపెనీ పెట్టినప్పుడు కూడా తోలు బకెట్లూ గుడ్డ సంచులూ ఎవరివి వాళ్ళు సొంత ఖర్చుతో తెచ్చుకోవాలన్నదే ఒప్పందం. ఇప్పటికీ అక్కడ ఎక్కువ కంపెనీలు వాలంటీర్లతో, బింగో ఆటలతో, చికెన్ బార్బెక్యూ అమ్మకాలతో నెట్టుకొస్తున్నవే. కాబట్టి మీ సీనియర్లు అబద్ధం చెప్పలేదు, నిజంగానే కొనుక్కుని ఉంటారు. ఆ రేడియోతో ఎప్పుడైనా మండుతున్న ఇంట్లోకి వెళ్ళారా అని మాత్రం ఒకసారి అడిగి చూడండి. చాలామంది దాన్ని కార్లో పెట్టుకుని, కాల్ ఎక్కడిదో వినడానికే వాడుతుంటారు. వినడానికి కొనే రేడియో వేరు, లోపలికి తీసుకెళ్ళే రేడియో వేరు. మీ ఉత్తరంలో ఈ రెండూ కలిసిపోయాయి.

ముందు మోడల్ సంగతి పక్కన పెట్టండి. మీరు చూసిన మూడూ మంచి రేడియోలే, మూడింటినీ నేను బల్ల మీద విప్పినవాణ్ణే. కానీ మీ కౌంటీ (మన జిల్లా లాంటిది) ఏ బ్యాండ్‌లో, అంటే ఏ ఫ్రీక్వెన్సీల మధ్య మాట్లాడుతోందో తెలియకుండా రేడియో కొనడమంటే, కాలి కొలత తెలియకుండా చెప్పులు కొన్నట్టే. పెన్సిల్వేనియాలో పక్కపక్క కౌంటీలు కూడా ఒకే బ్యాండ్‌లో ఉంటాయన్న నమ్మకం లేదు. ఒకరు వీహెచ్‌ఎఫ్‌లో, అంటే 150 మెగాహెర్ట్జ్ చుట్టుపక్కల ఉంటారు. ఇంకొకరు అంతకు పైనుండే యూహెచ్‌ఎఫ్‌లో, మరొకరు 700, 800 మెగాహెర్ట్జ్ ట్రంకింగ్‌లో (కొన్ని ఛానళ్ళని కంప్యూటరే అందరికీ పంచే పద్ధతి) ఉంటారు. హెచ్‌టీ 1250 వీహెచ్‌ఎఫ్‌లోనూ వస్తుంది, యూహెచ్‌ఎఫ్‌లోనూ వస్తుంది, 30-50 మెగాహెర్ట్జ్ మధ్యనుండే "లో బ్యాండ్"లోనూ వస్తుంది. ఎక్స్‌టీఎస్ 2500కి 700/800 రకం కూడా ఉంది. ఫొటోలో చూస్తే అన్నీ కవల పిల్లలే. టీకే 290 ఒక్కటే వీహెచ్‌ఎఫ్ తప్ప ఇంకోటి కాదు, దాని యూహెచ్‌ఎఫ్ తమ్ముడి పేరు టీకే 390.

అందుకే అమ్మేవాణ్ణి ముందుగా రేడియో వెనకుండే స్టిక్కర్ ఫొటో అడగండి. బ్యాటరీ తీస్తే కనపడుతుంది. హెచ్‌టీ 1250 మోడల్ నంబర్‌లో 25 అనే అంకెల వెంటనే, ఎక్స్‌టీఎస్ 2500లో 46 అనే అంకెల వెంటనే ఒక ఇంగ్లీషు అక్షరం ఉంటుంది. కె అయితే వీహెచ్‌ఎఫ్. ఆర్, క్యూ, ఎస్ అయితే యూహెచ్‌ఎఫ్‌లో రకాలు. యూ అయితే 700/800. "స్టిక్కర్ అరిగిపోయిందండీ" అన్నాడా, దండం పెట్టి వచ్చేయండి. స్టిక్కర్ లేని రేడియో ఎక్కడిదో, ఎవరిదో తెలియదు. అగ్నిమాపక, పోలీసు శాఖల దగ్గర పోయిన రేడియోలు కూడా మార్కెట్లోకి వస్తుంటాయి. సీరియల్ నంబర్ ముందే తీసుకుని మీ కౌంటీ రేడియో షాపులో చూపిస్తే తర్వాత తలనొప్పి ఉండదు.

"యూహెచ్‌ఎఫ్‌లో రకాలు" అని ఊరికే అనలేదు, అక్కడే నేను కాలు జారాను. న్యూజెర్సీలో వాలంటీర్‌గా చేరిన కొత్తలో, రేడియోల గురించి నాకంతా తెలుసన్న ధీమాతో, "యూహెచ్‌ఎఫ్, బాగా పనిచేస్తుంది" అన్న ఒక్క ముక్క చదివి ఒకటి తెప్పించాను. వచ్చింది 403 నుంచి 470 మెగాహెర్ట్జ్ దాకా పనిచేసే రకం. మా ఛానళ్ళేమో 470 పైన, టీ బ్యాండ్ అనే ముక్కలో ఉన్నాయి. అమ్మినవాడు అబద్ధమేమీ చెప్పలేదు, అది యూహెచ్‌ఎఫే, పనిచేస్తుంది కూడా. మాకే పనికిరాదు. ఫిలడెల్ఫియా, న్యూయార్క్ చుట్టుపక్కల ఈ టీ బ్యాండ్ బాగా వాడకంలో ఉంది. దాన్ని ఖాళీ చేయాలని 2012లో చట్టం చేశారు, 2020 చివర్లో ఆ నిబంధనను ఎత్తేశారు. మీరు అటువైపు ఉంటే 450 నుంచి మొదలయ్యే రకం కావాలి.

బ్యాండ్ కుదిరాక రెండో గేటు. 2013 జనవరి 1 నుంచి వీహెచ్‌ఎఫ్‌లోనూ, 470 లోపు యూహెచ్‌ఎఫ్‌లోనూ ఫైర్ కంపెనీల్లాంటి వాళ్ళంతా 12.5 కిలోహెర్ట్జ్ సన్న ఛానళ్ళకి మారాలని ఎఫ్‌సీసీ (అమెరికాలో రేడియోల వాడకాన్ని నియంత్రించే ప్రభుత్వ సంస్థ) నిబంధన పెట్టింది. దీన్నే నారోబ్యాండింగ్ అంటారు. అంతకుముందు తరం వాకీటాకీల్లో 25 కిలోహెర్ట్జ్ తప్ప తెలియనివి ఇంకా అమ్మకానికి తిరుగుతున్నాయి. ఇటుకలా బరువుగా, చూడ్డానికి గట్టిగా ఉంటాయి, "పాత సరుకు పాత సరుకే" అనిపిస్తాయి. ముట్టుకోకండి. మీరు చెప్పిన మూడింటికీ ఈ బాధ లేదు.

మూడో గేటు దగ్గరే ఎక్కువమంది డబ్బులు పోగొట్టుకుంటారు. మీ కౌంటీ పీ25 అనే డిజిటల్ పద్ధతిలో ఉందనుకోండి, అది ఫేజ్ 1నా, ఫేజ్ 2నా? ఎక్స్‌టీఎస్ 2500 ఫేజ్ 1 దగ్గర ఆగిపోయిన రేడియో. దాని పెద్దన్న ఎక్స్‌టీఎస్ 5000దీ అదే కథ. ఒకే ఛానల్‌ని కాలం లెక్కన రెండు ముక్కలు చేసి వాడుకునే ఫేజ్ 2 పద్ధతికి కౌంటీ మారితే, ఈ రేడియోకి ఆ మాటలు వినపడవు. సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ వేస్తే సరిపోతుందేమో అని మీ వృత్తి వాళ్ళకి ముందుగా తడుతుంది. సరిపోదు. ఫేజ్ 2 కావాలంటే ఏపీఎక్స్ తరం రేడియో కావాలి, అందులోనూ ఆ ఆప్షన్ కొని వేయించినదై ఉండాలి. ఫ్యాక్టరీలో ఏయే ఆప్షన్లు తెరిచారో చెప్పే ఫ్లాష్‌కోడ్ అని ఒకటి ఉంటుంది. ట్రంకింగ్ ఆప్షన్ లేని ఎక్స్‌టీఎస్ 2500, ఉన్న ఎక్స్‌టీఎస్ 2500 పక్కపక్కన పెడితే బయటి నుంచి తేడా కనిపెట్టడం ఎవరి తరమూ కాదు. ఫ్లాష్‌కోడ్ తీసుకోకుండా డబ్బు కట్టకండి.

ఇంత చేసి సరైన రేడియో తెచ్చుకున్నా, ట్రంకింగ్ సిస్టమ్ మీదికి మీ అంతట మీరు ఎక్కించుకోలేరు. దానికి సిస్టమ్ కీ కావాలి, అది కౌంటీ చేతిలో ఉంటుంది. రేడియోకి ఒక ఐడీ నంబర్ కూడా వాళ్ళే ఇవ్వాలి. మామూలు ఎనలాగ్ ఛానళ్ళకి కీ అక్కర్లేదు గానీ, ఆ ఫ్రీక్వెన్సీల లైసెన్స్ మీది కాదు, కంపెనీదో కౌంటీదో. దాని కింద మాట్లాడాలంటే వాళ్ళ అనుమతి ఉండాలి. మీకు హ్యామ్ లైసెన్స్ (సరదాకి రేడియో వాడేవాళ్ళకిచ్చేది) ఉన్నా ఇక్కడ చెల్లదు. కాబట్టి కొనే ముందు చీఫ్ దగ్గర కాగితం మీద అనుమతి తీసుకోండి. నోటిమాట వద్దు, చీఫ్‌లు మారుతుంటారు. ఆ కాగితం తీసుకుని కౌంటీకి ప్రోగ్రామింగ్ చేసే షాపుకి వెళ్ళి, "మీరు ఏ మోడల్ తెస్తే ప్రోగ్రామ్ చేస్తారు?" అని అడగండి. వాళ్ళు చెప్పే రెండు మూడు పేర్లే మీ లిస్టు. నేను చెప్పేది కాదు, సీనియర్లు చెప్పేది కూడా కాదు.

ఐడీ నంబర్ అన్నాను కదా, దాన్ని తేలిగ్గా తీసుకోకండి. రేడియో పైన నారింజ రంగు బటన్ ఉంటుంది, ఎమర్జెన్సీది. ట్రంకింగ్ సిస్టమ్‌లో అది నొక్కితే డిస్పాచర్ (కాల్స్ అందుకుని బళ్ళని పంపే మనిషి) తెర మీద మీ రేడియో ఐడీ వెలుగుతుంది. ఇంజన్‌లో సీటుకు కట్టిన రేడియో అయితే "ఫలానా ఇంజన్, వెనక ఎడమ సీటు" అని వెంటనే తెలుస్తుంది. మీ సొంత రేడియో అయితే ఎవరో ఒక నంబర్. ఆ నంబర్ మీ పేరు మీద ఎక్కించారో లేదో, పాత యజమాని పేరు మీదే ఉండిపోయిందో. పొగలో పడి ఉన్నది మీరైతే, బయట వాళ్ళు వెతికేది ఇంకెవరినో. రేడియో చేతికొచ్చిన రోజే డిస్పాచ్‌కి ముందు చెప్పి, వాళ్ళు సరేనన్నాక, ఆ బటన్ నొక్కి మీ పేరే వస్తోందా అని చూసుకోండి.

ఇక చైనా రేడియోల సంగతి. నాకు వాటి మీద పగ లేదు, తోట పనికి ఒకటి నేనూ వాడతాను. ధరకి మించిన పనే చేస్తాయి. కానీ ఫైర్ ఛానల్‌లో మాట్లాడాలంటే ఎఫ్‌సీసీ నిబంధనల్లో పార్ట్ 90 అనే భాగం కింద ధ్రువీకరణ ఉండాలి. హ్యామ్ రేడియో పేరుతో వచ్చేవాటిలో చాలావాటికి అది ఉండదు. అది ఉన్నా, గ్లవ్ వేసుకున్న వేలు ఒక బటన్‌కి తగిలితే కీప్యాడ్ మోడ్‌లోకి పోయి, మీరు ఏ ఛానల్‌లో ఉన్నారో మీకే తెలియని స్థితి వస్తుంది. కార్లో కూర్చుని వినడానికైతే, మాట్లాడే సౌకర్యం పూర్తిగా ఆపేయించి, చీఫ్ సరేనంటే, పెట్టుకోండి. మంట దగ్గరికి మాత్రం వద్దు.

"మరీ అంత జాగ్రత్తా?" అనుకుంటారేమో, అందుకే వేడి సంగతి చెప్పాలి. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ వాళ్ళు రేడియోలను వేడిగాలి గొట్టంలో పెట్టి పరీక్షించి 2006లో ఫలితాలు ప్రచురించారు. 100 డిగ్రీల సెల్సియస్ దగ్గర నెట్టుకొచ్చినవి, 160 డిగ్రీల దగ్గర నేరుగా గాలి తగిలేసరికి మొరాయించడం మొదలుపెట్టాయి. కోటు జేబులో ఉన్నప్పుడు చాలా నయం. అవేమీ నాసిరకం రేడియోలు కావు, డిపార్ట్‌మెంట్లు వాడేవే. మంటల్లోకి తీసుకెళ్ళే రేడియో కోసమంటూ ప్రత్యేకంగా ఎన్‌ఎఫ్‌పీఏ (అమెరికాలో అగ్ని భద్రతా ప్రమాణాలు రాసే సంఘం) 1802 అనే ప్రమాణం వచ్చిందే 2021లో. అంటే మీరు చూసిన మూడు రేడియోలూ ఆ ప్రమాణం పుట్టకముందే తయారైనవి. అందుకని పనికిరావని కాదు. వాటిని ఎక్కడ పెట్టుకోవాలో తెలిసి వాడాలి. నా పద్ధతి, చాలా డిపార్ట్‌మెంట్లు ఇప్పుడు నేర్పే పద్ధతి కూడా, తోలు పట్టీ భుజానికి అడ్డంగా వేసుకుని దాని మీద టర్నౌట్ కోటు (మంటల్లోకి వేసుకెళ్ళేది) వేసుకోవడం. రేడియో ఒరలో తుంటి దగ్గర, యాంటెన్నా మాత్రం కోటు అంచు కింద నుంచి కొంచెం బయటికి. మైక్ వైరు కోటు లోపలి నుంచే మెడ దగ్గరికి వస్తుంది. బయట వేలాడే వైరుకి రెండు ప్రమాదాలు: ఒకటి వేడి, రెండోది మంచం కోళ్ళూ కుర్చీ కాళ్ళూ. పట్టీ కొత్తదే కొనండి, దాని మీద పిసినారితనం చూపకండి.

గ్యాస్ లీకు కాల్స్ కూడా వస్తుంటాయి మీకు. అలాంటి చోట నిప్పురవ్వ పుట్టించని విధంగా తయారైన రేడియోని ఇంట్రిన్సికల్లీ సేఫ్ అంటారు. మోటరోలా పాత రేడియోలకి ఎఫ్‌ఎం (పాటలొచ్చే ఎఫ్‌ఎం కాదు, ఫ్యాక్టరీ మ్యూచువల్ అనే పరీక్షా సంస్థ) గుర్తున్న లేబుల్, ఆకుపచ్చ చుక్క ఉంటాయి. బ్యాటరీకి కూడా ఆ గుర్తు ఉండాలి. రేడియోకి ఉండి బ్యాటరీకి లేకపోతే ఆ రక్షణ లేనట్టే. ఇక్కడ పాత రేడియోలతో ఒక చిక్కుంది. "రీఫర్బిష్డ్, కొత్తదానిలా ఉంది" అంటూ తళతళలాడే డబ్బా పంపుతారు. లోపలి బోర్డు పాతదే, పైన ప్లాస్టిక్ తొడుగు ఎక్కడో చేయించినది. అలా ఒకసారి విప్పి బిగించాక అది ఇంట్రిన్సికల్లీ సేఫ్ కానే కాదు, స్టిక్కర్ ఎంత బాగా అతికించినా. నాకైతే గీతలు పడి, మూలలు అరిగి, ఒక ఫైర్ స్టేషన్ పేరు చెక్కి ఉన్న రేడియో అంటేనే నమ్మకం. దాని జీవితం దాని ఒంటి మీద కనపడుతుంది.

కిందటి ఏడాది మీలాంటి కుర్రాడే ఒకడు హెచ్‌టీ 1250 పట్టుకుని వచ్చాడు. "స్టేషన్ పార్కింగ్‌లో బ్రహ్మాండంగా వినపడుతోందండీ, బేస్‌మెంట్‌లోకి దిగితే ఎవరికీ వినపడట్లేదు" అన్నాడు. బ్యాటరీ లాగాను. కాంటాక్టుల మీద పచ్చగా చిలుము, గోటితో గీరితే రాలింది. పక్కనున్న మైక్ కనెక్టర్ మూత లేదు, గాడిలో మసి గట్టిపడి ఉంది. మాట్లాడే బటన్ మీది రబ్బరు ఒక అంచున చిట్లింది, అంటే లోపలికి నీళ్ళు దారి చేసుకున్నట్టే. యాంటెన్నా విప్పి సర్వీస్ మానిటర్‌కి (రేడియోలని పరీక్షించే యంత్రం) కట్టి బటన్ నొక్కితే వాట్లు చూపించే అంకె 1.3 దగ్గర ఆగింది. వీహెచ్‌ఎఫ్‌లో అది 5 వాట్లు రావాలి. ఆపైన ఆ యాంటెన్నా కూడా ఆ రేడియోది కాదు, చూస్తే యూహెచ్‌ఎఫ్‌ది. మర పట్టింది కదా అని ఎవరో బిగించేశారు. అమ్మినవాడు ప్రకటనలో "ఆన్ అవుతోంది" అని రాశాడట. ఆన్ అవుతోంది, నిజమే. ఆ పాత సరుకు ప్రకటనల్లో "ఆన్ అవుతోంది, అంతకుమించి పరీక్షించలేదు" అని ఉంటే నేను చదివేది ఒక్కటే: పరీక్షించాం, ఫలితం చెప్పం.

కాబట్టి రేడియో రాగానే ఇంటికి కాదు, షాపుకే పంపించుకోండి. సర్వీస్ మానిటర్ మీద నాలుగు సంగతులు చూడమనండి: ఎన్ని వాట్లు వస్తున్నాయి, ఫ్రీక్వెన్సీ పక్కకి జరిగిందా, మాట వెడల్పు నారోబ్యాండ్ హద్దులో ఉందా, సన్నని సిగ్నల్ వినగలుగుతోందా. ఎనలాగ్‌లో మంచి రేడియో పావు మైక్రోవోల్ట్ దగ్గర వినాలి. తర్వాత మీరే ఫైర్ గ్లవ్స్ వేసుకుని వాల్యూమ్ నాబ్, ఛానల్ నాబ్ తిప్పండి. వాల్యూమ్ తిప్పుతుంటే గరగర వస్తే నాబ్ అరిగినట్టు. ఛానల్ నాబ్ ప్రతి మెట్టు దగ్గర టక్కుమని ఆగాలి, జారకూడదు. ఎందుకంటే పొగలో నంబర్ కనపడదు. నాబ్‌ని చివరి ఆపు దాకా తిప్పి, అక్కణ్ణుంచి టక్కు టక్కుమని లెక్కపెట్టుకుంటూ ఛానల్‌కి రావాలి. అదే కారణం చేత మీ రేడియోలో ఛానళ్ళ వరస కంపెనీ రేడియోల్లో ఉన్న వరసే ఉండాలి. "నాకు నచ్చినట్టు పెట్టుకుంటాను" అన్న సరదా మానుకోండి. స్కాన్ ఆప్షన్ ఉంటే మంట దగ్గర ఆపేయాలి. పక్క ఊరి అంబులెన్స్ కబురు వినిపిస్తూ, అదే క్షణంలో మీ వాళ్ళ మేడే, అంటే ప్రాణాపాయంలో పిలిచే పిలుపుని, మింగేస్తుంది అది.

బ్యాటరీకి విడిగా డబ్బు పక్కన పెట్టుకోండి. పాత రేడియోతో వచ్చే బ్యాటరీని నేను ప్యాకింగ్ సామాను కింద లెక్కేస్తాను. ఎనలైజర్ మీద పెడితే రాసి ఉన్న సామర్థ్యంలో 80 శాతం కూడా రాకపోతే పారేయాలి, తరచూ రాదు. కొత్తది, ఆకుపచ్చ చుక్కున్నది, ఒకటి కాదు రెండు. ఛార్జర్, మైక్, పట్టీ, ప్రోగ్రామింగ్ ఖర్చు కూడా కలుపుకుంటే రేడియో ధర కంటే దాని పరివారం ధరే ఎక్కువైపోతుంది. మీ ఆవిడకి మొత్తం లెక్క ముందే చెప్పండి, తర్వాత ఒక్కోటీ బయటపడితే నాకు సంబంధం లేదు.

మీ కౌంటీ ఎనలాగ్ వీహెచ్‌ఎఫ్‌లో ఉందని తేలితే "మాది పాతకాలం సిస్టమ్" అని చిన్నబుచ్చుకోకండి. 2001 మార్చిలో న్యూయార్క్ ఫైర్ డిపార్ట్‌మెంట్ కొత్త డిజిటల్ హ్యాండ్ రేడియోలు పంచింది. ఒక ఫైర్‌ఫైటర్ ఆపదలో పిలిచిన పిలుపు సరిగా చేరలేదని కొద్ది రోజులకే వెనక్కి తీసుకుంది. 2008లో అమెరికా వాణిజ్య శాఖ పరిశోధకులు పాస్ అలారం (ఫైర్‌ఫైటర్ కదలకుండా పడిపోతే మోగేది), రంపం, మాస్కు చప్పుళ్ళ మధ్య మాట ఎంత అర్థమవుతుందో పరీక్షిస్తే, కొన్ని చప్పుళ్ళలో డిజిటల్ కంటే ఎనలాగే మెరుగ్గా నిలబడింది. డిజిటల్ యంత్రం గొంతునీ అలారాన్నీ కలిపి నమిలేస్తుంది, ఎనలాగ్‌లో చప్పుడు వెనక మనిషి గొంతు మిగిలే ఉంటుంది. తర్వాత వచ్చిన రేడియోలు చాలా బాగుపడ్డాయి. అయినా టవర్‌తో పనిలేకుండా రేడియో నుంచి రేడియోకి నేరుగా వెళ్ళే ఎనలాగ్ సింప్లెక్స్ ఛానల్‌ని మంట దగ్గర మాటలకి ఇప్పటికీ ఎంతోమంది వదలలేదు. మీ రేడియోలో ఆ ఛానల్ తప్పకుండా ఉండాలి.

ఇప్పుడు మీరడిగిన దానికి వస్తాను. ఎనలాగ్ వీహెచ్‌ఎఫ్ అయితే హెచ్‌టీ 1250 తీసుకోండి, ఎఫ్‌ఎం లేబుల్ ఉన్నది. టీకే 290 కూడా గట్టి పిండమే, ధర తక్కువకి వస్తే వదలకండి, కానీ బ్యాటరీలు, మైకులు దొరకడంలో నా ఓటు మోటరోలాకే. ఫేజ్ 1 ట్రంకింగ్ అయితే ఎక్స్‌టీఎస్ 2500, ఫ్లాష్‌కోడ్ చూసుకుని, ఇంకా ఎన్నేళ్ళు ఆ సిస్టమ్ ఉంటుందో షాపులో కనుక్కుని. ఫేజ్ 2 అయితే ఏదీ కొనకండి. వేల డాలర్ల రేడియో ఒక వాలంటీర్ జేబులోంచి రావలసింది కాదు. ఫెమా (అమెరికా ప్రభుత్వ విపత్తుల సంస్థ) వాళ్ళ ఏఎఫ్‌జీ అనే గ్రాంటుతో చాలా కంపెనీలు రేడియోలు కొనుక్కుంటాయి. దరఖాస్తు రాసే ఓపిక ఉన్న మనిషి కోసం ప్రతి చీఫూ ఎదురుచూస్తుంటాడు, మీకా కంప్యూటర్ ముందు కూర్చోవడం కొత్త కాదు. అది రాసిపెడితే మీ ఒక్కరికే కాదు, వెనక కార్లలో వచ్చే అందరికీ రేడియోలొస్తాయి.

కానీ ఈ నెలలో ఒక్కటే కొనమంటే, రేడియో కాదు, పేజర్. మినిటర్ అని వస్తుంది, మీ బ్యాండ్‌కి సరిపడేది, కౌంటీ రెండు టోన్లు మోగించగానే నిద్ర లేపుతుంది. మీకిప్పుడు కావలసింది కాల్ వినడం. మీ ట్రైనింగ్ అయ్యేదాకా లోపలికి ఎవరూ పంపరు, పంపే రోజున ఇంజన్ సీటు దగ్గరున్న కంపెనీ రేడియోనే తీసుకుని దిగండి, సొంతది ఎంత మంచిదైనా సరే. మీరు వెనక కార్లో వెళ్ళి, అక్కడ మిగులు రేడియో లేకపోతే, రేడియో ఉన్న మనిషికి జతగా ఉండండి, లేదా బయట పని అడగండి. బయట గొట్టాలు లాగే పనికి, ట్రాఫిక్ దగ్గర నిలబడే పనికి మీ సొంత హెచ్‌టీ 1250 హాయిగా సరిపోతుంది.

ఇంకొక్క మాట, ఇది మనవాళ్ళు మర్చిపోయేది. సెలవులకి ఇండియా వెళ్ళేటప్పుడు మేనల్లుడికి చూపిద్దామని దాన్ని సూట్‌కేస్‌లో పెట్టకండి. ఇలాంటి వాకీటాకీ లైసెన్స్ లేకుండా దగ్గర పెట్టుకోవడం అక్కడ నేరం. శంషాబాద్ కస్టమ్స్ దగ్గర నిలబడి "నేను ఫైర్‌మన్‌నండీ" అంటే నవ్వుతారు, రేడియో మాత్రం ఇవ్వరు.